ఇప్పలకొండ పొగ ఎక్కడికి పోయింది

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక కొండ. కొండ నిండా మద్దిచెట్లు, తునికిచెట్లు, వాటి మధ్య మధ్య ఇప్పచెట్లు. అందుకే దానికి ఇప్పలకొండ అని పేరు వచ్చింది.

ఆ కొండకు పెద్ద ఒక ఎలుగుబంటి. పేరు గుబురన్న. లోకంలో గుబురన్నకు ఇష్టమైనవి రెండే. ఒకటి ఇప్పపువ్వు. రెండోది, తన మాట నెగ్గడం.

ఇప్పపువ్వు ఎలా రాలుతుందో మీరెప్పుడైనా చూశారా పిల్లలూ? ఎండలు ముదిరే రోజుల్లో తెల్లారేసరికి చెట్టు కింద లేత పసుపు రంగులో, గుండ్రంగా, తియ్యగా రాలి ఉంటుంది. కానీ అవే రోజుల్లో ఆకులు కూడా రాలతాయి. పువ్వు ఎండుటాకుల్లో దాక్కుంటుంది. ఒక్కొక్కటే వెతికి ఏరాలంటే నడుం పట్టేస్తుంది. గుబురన్న నడుం అసలే వంగదు.

అందుకని గుబురన్న ఏటా ఒక పని చేసేవాడు. పువ్వు రాలే ముందు చెట్ల కింది ఆకులకు నిప్పు పెట్టేవాడు. నేల నల్లగా, శుభ్రంగా అయ్యేది. ఇక పువ్వు ఎక్కడ పడినా ఇట్టే కనిపించేది. ఎలుగుబంటికి నిప్పు ఎక్కడిదని నన్ను అడక్కండి. అతని గుహ ముందు ఎప్పుడూ ఒక నెగడు మండుతూ ఉండేది, అంతే.

ఆ నిప్పుకు ఆకులేవో, అప్పుడే మొలిచిన మొక్కలేవో తెలుస్తుందా? అన్నిటినీ మాడ్చేసేది. ఏళ్ళు గడిచేసరికి కొండ మీద ముసలి ఇప్పచెట్లే మిగిలాయి. పిల్ల చెట్టు ఒక్కటి లేదు. పువ్వు తగ్గిపోయింది.

గుబురన్న అందరినీ పిలిచాడు. ఏనుగు గున్నమ్మ వచ్చింది. కొండముచ్చుల గుంపు వచ్చింది. ఏదుపంది సూదమ్మ కూడా వచ్చింది. ఆమె ఒంటి నిండా సూదుల్లాంటి ముళ్ళు, నోట్లో ఉలి లాంటి పళ్ళు.

"పువ్వు ఎందుకు తగ్గిందో కనిపెట్టాను," అన్నాడు గుబురన్న. "ఈ మద్దిచెట్లూ తునికిచెట్లూ ఎండంతా, నీళ్ళంతా అవే తాగేస్తున్నాయి. వాటిని పడగొట్టి కాల్చేద్దాం. అప్పుడు అంతా ఇప్పకే."

"అంత అడవి కాలిస్తే ఎంత పొగ వస్తుంది పెద్దయ్యా?" అని అడిగింది సూదమ్మ.

"పొగదేముంది? ఎక్కడికో పోతుంది," అన్నాడు గుబురన్న.

పని పంచుకున్నారు. సూదమ్మ చెట్టు మొదట్లో బెరడు చుట్టూ కొరకాలి. చెట్టు ఎండాక గున్నమ్మ తోసెయ్యాలి. కొండముచ్చులు కొమ్మలన్నీ కుప్ప వెయ్యాలి. నిప్పు మాత్రం గుబురన్నే పెడతాడు. అన్నిటికంటే తేలిక పని పెద్దలు తమకే ఉంచుకుంటారని మీకు నేను చెప్పక్కర్లేదు.

మొదటి ఏడు పడమటి వాలు కొట్టేశారు. పొగ మూడు రోజులు లేచింది. ఆ ఏడు పువ్వు కాస్త ఎక్కువే రాలింది. గుబురన్న లేని మీసం దువ్వుకున్నాడు. కానీ వేసవి వచ్చేసరికి పడమటి రాళ్ళు పెనంలా కాలాయి. ఉడుములు కూడా ఆ పక్కకు పోవడం మానేశాయి.

రెండో ఏడు ఉత్తరపు వాలు కొట్టేశారు. పొగ ఆరు రోజులు లేచింది. ఈసారి వాగు సన్నబడింది. మాఘమాసం దాటకముందే నడుమ ఒక్క మడుగు మిగిలింది. ఇప్పమొగ్గలు విచ్చుకోకుండానే వాడి రాలిపోయాయి.

"చూశారా, ఇంకా అడ్డం చెట్లు ఉన్నాయి, అందుకే ఇలా అయింది," అన్నాడు గుబురన్న. తప్పు తనదేమో అన్న అనుమానం కూడా అతనికి రాలేదు.

మూడో ఏడు తూర్పు వాలు వంతు వచ్చింది. సూదమ్మ బొరియ అక్కడే ఉంది. బొరియలో ఆమె పిల్లలు ఇద్దరు, ఇంకా ముళ్ళు సరిగ్గా గట్టిపడని పసివాళ్ళు. ఆ వేసవి వేడికి వాళ్ళు నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నారు. ముందు రోజు చిన్నది సొమ్మసిల్లి పడిపోయింది. సూదమ్మ మడుగు నుంచి నోటితో నీళ్ళు తెచ్చి పోస్తే గాని కళ్ళు తెరవలేదు. ఆ తల్లి ప్రాణం ఎంత కొట్టుకుందో నేను చెప్పలేను.

మర్నాడు అందరూ పనికి వచ్చారు. సూదమ్మ చెట్టు దగ్గర నిలబడింది గాని కొరకలేదు.

"ఏమ్మా, పన్ను నొప్పా?" అన్నాడు గుబురన్న.

"పన్ను బాగానే ఉంది పెద్దయ్యా. ఈ పని ఇక నేను చెయ్యను," అంది సూదమ్మ. "రెండేళ్ళు చేసి తప్పు చేశాను. మనం కాల్చిన పొగ ఎక్కడికీ పోలేదు. మన నెత్తి మీదే ఉంది. అదే మనల్ని మాడుస్తోంది."

గుబురన్న నవ్వాడు. తల పైకెత్తి ఆకాశం చూపించాడు. ఆకాశం నీలంగా, శుభ్రంగా ఉంది. "ఏదీ పొగ? చూపించు."

కొండముచ్చులు కూడా నవ్వాయి. నవ్వడానికి వాటికి కారణం అక్కర్లేదు.

"చూపిస్తాను," అంది సూదమ్మ.

"సరే. రేపు పొద్దున మడుగు దగ్గర అందరి ముందూ చూపించు. చూపించలేకపోతే పిల్లల్ని తీసుకుని కొండ దిగి పో."

అందరూ ఉలిక్కిపడ్డారు. కొండ కింద అంతా రాతి బయలు. నీడ లేదు, నీళ్ళు లేవు. ఆ ఎండలో ఆ పసివాళ్ళు బతకరని గుబురన్నకు కూడా తెలుసు. సూదమ్మ ముళ్ళన్నీ భయంతో నిక్కబొడుచుకున్నాయి. అయినా వెనక్కి తగ్గలేదు.

"చూపిస్తే?" అని అడిగింది.

"చూపిస్తే నా నెగడు నా చేత్తో ఆర్పేస్తాను," అన్నాడు గుబురన్న. అందరూ విన్నారు కాబట్టి ఇక మాట వెనక్కి తీసుకోవడానికి లేదు.

మర్నాడు పొద్దున కొండంతా మడుగు చుట్టూ చేరింది. దారిలో దాహానికి దిగిన ఒక ముసలి బాతు కూడా మడుగులో ఉంది. చలికాలం మన దగ్గర గడిపి, మంచుకొండల అవతలికి తిరిగి పోయే జాతి బాతు అది.

సూదమ్మ అంది, "గున్నమ్మక్కా, ఎండిన దుంగ ఒకటి ఎత్తుకొస్తావా?"

గున్నమ్మ పెద్ద మద్దిదుంగ తెచ్చింది. తెచ్చేసరికి దాని తొండం లాగేసింది. గుహ ముందు నెగడులోంచి కొరివి తెచ్చి దుంగకు అంటించారు. కణకణ మండి, కాలి, చల్లారింది. సూదమ్మ బూడిదంతా మోదుగాకు దొప్పలోకి ఎత్తి గున్నమ్మ తొండం మీద పెట్టింది.

"అక్కా, దుంగ ఎంత బరువుంది?"

"నా తొండం ఊడిపోయిందనుకున్నాను."

"ఈ బూడిదో?"

"ఉందో లేదో తెలియడం లేదు."

సూదమ్మ గుబురన్న వైపు తిరిగింది. "మిగతా దుంగ ఏమైంది పెద్దయ్యా?"

"పొగైంది," అన్నాడు గుబురన్న.

"అంటే ఆ బరువంతా గాలిలోనే ఉంది. కంటికి కనపడనంత పలచగా కలిసిపోయింది గాని, లేకుండా పోలేదు. ఒక్క దుంగకే ఇంత. రెండు వాలుల అడవి పైన ఎంత ఉందో మీరే ఊహించుకోండి."

కొండముచ్చులు నవ్వడం ఆపేశాయి. గుబురన్న తల గోక్కున్నాడు.

"అయితే ఏమైంది? చెట్టు మట్టి తిని పెరిగింది. ఆ మట్టే పొగైంది. గాలికి కొట్టుకుపోయి ఇంకో చోట మట్టిగా పడుతుంది," అన్నాడు.

సూదమ్మ అందరినీ గట్టు మీదికి తీసుకెళ్ళింది. అక్కడ కిందటి గాలివానకు ఒక మహా మద్ది వేళ్ళతో సహా కూలి పడి ఉంది. పది ఏనుగులు వరసగా పడుకుంటే ఎంతో అంత పొడుగు. దాని కింద గొయ్యి మాత్రం గున్నమ్మ ఒక్కతే కూర్చుంటే నిండిపోయేంత ఉంది.

"నేను పుట్టినప్పటి నుంచి వేళ్ళ చుట్టూ మట్టి తవ్వి బతుకుతున్నదాన్ని," అంది సూదమ్మ. "ఏ చెట్టు కిందా మట్టి తరగడం నేను చూడలేదు. ఇంత చెట్టు మట్టి తిని పెరిగి ఉంటే ఇక్కడ చెరువంత గొయ్యి ఉండాలి. ఉందా?"

"లేదు," అన్నారు అందరూ.

"చెట్టు చుట్టూ ఉన్నవి మూడే. మట్టీ, నీళ్ళూ, గాలీ. మట్టి తరగలేదు. నీళ్ళే అయితే ఎండాక దుంగ తేలికైపోవాలి, ఎండిన దుంగ ఎంత బరువో అక్క చెప్పింది. ఇక మిగిలింది గాలే. మనం ఊపిరి వదిలినప్పుడు బయటికి వచ్చే గాలి ఉంది చూడండి, దాన్ని ఆకులు పగలంతా ఎండలో కూర్చుని తింటాయి. నీళ్ళతో కలిపి కొయ్య చేసుకుంటాయి. చెట్టంటే నిలబడి ఉన్న గాలే. కాలిస్తే తిన్నదంతా మళ్ళీ కక్కేస్తుంది. పైగా రేపు తినాల్సిన చెట్టూ ఉండదు. నష్టం రెండు వైపులా."

ఆ గాలిని మీ బడి పుస్తకంలో కార్బన్ డయాక్సైడ్ అంటారు. మా చిన్నప్పుడు బొగ్గుపులుసు వాయువు అనేవాళ్ళం. సూదమ్మకు ఈ రెండు పేర్లూ తెలియవు. పేరు తెలియకపోయినా సంగతి తెలుసు, ఎందుకంటే ఆమె చూసి ఆలోచించింది.

గుబురన్నకు చెమట పట్టింది. అయినా మాట నెగ్గాలి కదా. "ఆకాశం చాలా పెద్దది," అన్నాడు. "మన పొగ ఎక్కడికో పోయి పలచబడిపోతుంది. దానికీ ఈ ఎండకీ సంబంధం ఏమిటి?"

ఇది సూదమ్మ కళ్ళతో చూడని సంగతి. ఆమె కొండ దాటి ఎప్పుడూ పోలేదు. పిల్లల వైపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు మడుగులోంచి ముసలి బాతు రెక్కలు విదిల్చుకుంటూ గట్టెక్కింది. "నన్ను ఒక మాట చెప్పనిస్తారా నాయనా? నేను ఏటా ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు ఎగురుతాను. ప్రతి కొండ మీదా పొగ చూస్తాను. ప్రతి కొండ పెద్దా పొగ ఎక్కడికో పోతుందనే అంటాడు. ఆ ఎక్కడికో అనే చోటు కోసం నేను చాలా వెతికాను. లేదు. ఉన్నది అందరికీ కలిపి ఒక్క ఆకాశమే. అందరి పొగా అందులోనే చేరుతోంది. మా తాతలు దిగి నిలబడిన మంచు ఇప్పుడు కరిగి నీళ్ళైంది. ఈ తల్లి చెప్పిన ఆ గాలి ఎక్కువైతే ఎండ వేడిని తిరిగి పైకి పోనివ్వదు. నడివేసవిలో గొంగళి కప్పుకున్నట్టుంటుంది. ఆ గొంగళి మనమే నేస్తున్నాం."

గున్నమ్మ నాలుగడుగులు వేసి సూదమ్మ పక్కన నిలబడింది. "ఇక నేను ఏ చెట్టునూ తొయ్యను," అంది. కొండముచ్చులు ఒకటి తర్వాత ఒకటి వచ్చి ఆ పక్కనే చేరాయి. ఉడుములు, దుప్పులు, కుందేళ్ళు, అందరూ వచ్చేశారు. ఈ పక్క గుబురన్న ఒక్కడే మిగిలాడు.

అతను గొంతు తగ్గించి అన్నాడు, "మరి ఆకులు కాల్చకపోతే నేను పువ్వు ఎలా ఏరుకోను? నా నడుం వంగదు సూదమ్మా."

పెద్దరికం కింద ఇంతకాలం దాచుకున్న మాట అది. ఎవరూ నవ్వలేదు. సూదమ్మ ఇప్పచెట్టు కిందికి వెళ్ళింది. వెనక్కి తిరిగి, ముళ్ళన్నీ విప్పి, చెట్టు చుట్టూ చరచరా ఒక తిరుగుడు తిరిగింది. ఆకులన్నీ ముళ్ళకు చిక్కి పక్కకు పోయి కుప్పైపోయాయి. కింద నేల శుభ్రంగా తేలింది. మొలిచిన చిన్న మొక్క ఒక్కటి కూడా విరగలేదు.

"ఏటా నేను ఊడ్చి పెడతాను పెద్దయ్యా. కొండముచ్చులు ఏరి పెడతాయి. మీరు కూర్చుని తినండి," అంది.

గుబురన్న మడుగులోకి దిగాడు. గున్నమ్మ తొండం నిండా నీళ్ళు పీల్చి సాయం వస్తానంది. "వద్దు, నా చేత్తో ఆర్పుతానన్నాను," అన్నాడు. దోసిలిలో నీళ్ళు పట్టుకుని నెగడు దాకా మోశాడు. సగం నీళ్ళు దారిలోనే కారిపోయేవి. మళ్ళీ వచ్చేవాడు, మళ్ళీ మోసేవాడు. పొద్దుగూకేసరికి ఆఖరి నిప్పుకణిక చుయ్యిమని ఆరింది. అప్పుడు గున్నమ్మ పెట్టిన ఘీంకారం ఏడు కొండల అవతలికి వినిపించింది. కొండముచ్చులు కొమ్మల మీద పిల్లిమొగ్గలు వేశాయి. సూదమ్మ పిల్లలిద్దరినీ ఎత్తుకుని గున్నమ్మ వీపు మీద ఊరేగించారు.

ఒక్క కొండ నెగడు ఆరితే ఆకాశం చల్లబడుతుందా? చల్లబడదు, అబద్ధం చెప్పను. కానీ కాలని నేలలో మొక్కలు లేచాయి. నాలుగేళ్ళకు పడమటి రాళ్ళ మీద నీడ పడింది. వాగు వైశాఖంలో కూడా పారింది. ఆ పారే వాగును చూసి పక్క కొండల వాళ్ళు ఆరా తీయడానికి వచ్చారు. వాళ్ళకు కథంతా గుబురన్నే చెప్పేవాడు. తనే అంతా కనిపెట్టినట్టు కాస్త కోతలు కోసేవాడు కూడా. సూదమ్మ ఏమీ అనేది కాదు, ఎందుకంటే విన్నవాళ్ళు ఇంటికెళ్ళి నెగళ్ళు ఆర్పుతున్నారు. ఒకటి, మూడు, తొమ్మిది కొండల మీద పొగ ఆగిపోయింది. తొమ్మిది కొండలూ పచ్చబడ్డాయి.

పదేళ్ళ తర్వాత, నెగడు ఆర్పిన ఏడు మొలిచిన ఇప్పమొక్క చెట్టై మొదటిసారి పూసింది. గుబురన్న ముసలివాడైపోయాడు. కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి ఆ చెట్టు మాను మీద చెయ్యి వేశాడు.

"సూదమ్మా, ఇది గాలి తినే కదా ఇంతైంది?"

"అవును పెద్దయ్యా."

"అయితే మనం కాల్చిన పడమటి వాలులో కొంచెమైనా ఇందులో ఉండి ఉంటుంది," అన్నాడు గుబురన్న. "పైకి పంపింది నేను. కిందికి దింపింది నువ్వు."

అని, ఆ చెట్టు రాల్చిన మొదటి పువ్వును తను తినకుండా సూదమ్మ చేతిలో పెట్టాడు.

నీతి: కాల్చిన చెట్టు మాయమైపోదు, గాలిలో చేరి మనల్నే కాలుస్తుంది. నిలబెట్టిన చెట్టు ఆ గాలిని దింపి అందరినీ బతికిస్తుంది.