పచ్చడి రుచి చూసి పెట్టుకున్న బ్రోకరు

దేవుడు తెలివిని తూకం వేసి పంచుతున్నప్పుడు తక్కెడ తమ గుమ్మం ముందే తెగిపడిందని మెరకపాలెం తాతబ్బాయి నమ్మకం. తమ్ముడు బుల్లియ్యదీ అదే నమ్మకం. తాతబ్బాయి భార్య మాచరమ్మ అయితే, తమ తెలివికి ఊరి కళ్ళు తగులుతాయని వారానికోసారి ముగ్గురికీ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తుంది.

వాళ్ళ ఇల్లు మెరక మీద. ఇరవై రెండు మెట్లు. కుళాయేమో కింద. రోజుకి పది బిందెలు మోసి మోసి మాచరమ్మ మోకాలు వాచిపోయింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. కింద బజారులో, పెరట్లోనే బోరింగు ఉన్న ఇల్లొకటి అమ్మకానికొచ్చింది. నెలాఖరు దాకా ఆగుతానన్నాడు ఆ ఇంటాయన. ఈలోగా మెరక మీది ఇల్లు అమ్ముడుపోవాలి. పోకపోతే ఆ మోకాలిని ఇక దేవుడికి వదిలెయ్యాల్సిందే.

పక్కింటి కాంపౌండరు రామయోగి గారు సలహా చెప్పారు. ఊళ్ళో ఇద్దరు బ్రోకర్లున్నారట. ఎవరో ఒకరికి కళ్ళు మూసుకుని అప్పజెప్పకుండా, ముందు వాళ్ళు అమ్మిన ఇళ్ళు చూడాలట, కొన్నవాళ్ళని అడగాలట.

అంతే. అన్నదమ్ములిద్దరూ మొదటి బ్రోకరు అమ్మిన ఇంటి ఎదురుగా కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఇంటిని చూశారు. ఇల్లు ఎటూ కదల్లేదు. ఇక అడగాలి. ఏం అడగాలో కాంపౌండరు గారు చెప్పలేదు. బుల్లియ్య బుర్ర గోక్కుని, ఇంట్లో పచ్చడి అయిపోయిన సంగతి గుర్తొచ్చి, కాస్త పచ్చడి అడిగాడు. ఆ ఇంటావిడ తలుపేసుకుంది. ఇంకేముంది, ఆ బ్రోకరు పనికిరాడని తేలిపోయింది. మర్నాడు రెండో బ్రోకరు వరహాలు అమ్మిన ఇంటికెళ్ళి అలాగే చూసి, అలాగే అడిగారు. ఆవిడ జాలిపడి గిన్నెడు మాగాయ పెట్టింది. ముగ్గురూ అన్నంలో కలుపుకుని తిని, వరహాలంత నమ్మకస్తుడు జిల్లాలోనే లేడని తీర్మానించారు.

వరహాలు నిజంగానే మంచివాడు, పాపం. రేపు పదింటికి బేరం వస్తుంది, ఇంట్లో మీ వస్తువు ఒక్కటీ కనపడకూడదు, అప్పుడే ఇల్లు విశాలంగా ఉంటుంది అని చెప్పి వెళ్ళాడు. మంచాలు తీశారు, గిన్నెలు తీశారు. తలుపులు మాత్రం ఎవరివి, మా తాత చేయించినవి కావా అన్నాడు తాతబ్బాయి. తలుపులు ఊడదీశారు, కిటికీలు ఊడదీశారు. పెంకులు నిరుడు బుల్లియ్య ఏరి ఏరి కొన్నవి. అవీ దించారు. పదింటికి వరహాలు వచ్చేసరికి ఇల్లు ఆకాశం దాకా విశాలంగా ఉంది.

వరహాలు మెట్ల మీద కూలబడ్డాడు. కొనడానికొచ్చిన డ్రిల్లు మాస్టారు మాత్రం గోడలు తట్టి చూసి, గట్టివేనని మెచ్చుకుని, పైకప్పు మళ్ళీ వేస్తే గురువారం వస్తానన్నారు. ఈసారి సొంత తెలివి వద్దు, ఆయన ఏది అడిగితే దానికి ఉన్నదున్నట్టు చెప్పండి చాలు అని వరహాలు ముగ్గురికీ దణ్ణం పెట్టాడు.

గురువారం మాస్టారు నీళ్ళకి ఇబ్బందేమైనా ఉందా అని అడిగారు. ఉత్త మాటల్లో చెబితే ఉన్నదున్నట్టు ఎలా అవుతుంది? మాచరమ్మ ఆయన భుజాన బిందె పెట్టింది. ఆయన్ని మూడుసార్లు మెట్లు దింపి, మూడుసార్లు ఎక్కించారు. వరహాలు అటు చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మాస్టారు చెమట తుడుచుకుని, ఇంత మంచి వ్యాయామం తనకి ఏ ఊళ్ళోనూ దొరకలేదని, ఇల్లు ఖాయం చేసుకుంటున్నానని చెప్పారు.

నెలాఖరుకి రెండు రోజుల ముందే బోరింగు ఇంట్లో పాలు పొంగించారు. వారం తిరిగేసరికి మోకాలి వాపు తీసింది. మాచరమ్మ బోరింగు పట్టుకుని ఏడ్చేసింది, అంత సంతోషం ఆవిడకి. చూడ్డానికొచ్చిన కాంపౌండరు గారు వరహాలుని మెచ్చుకుని, ఇలాంటి బ్రోకర్ని వదులుకోకండి అని ఒక మాట అని వెళ్ళారు.

ముగ్గురూ రాత్రంతా ఆలోచించారు. తెల్లారగానే వరహాలుకి కబురెళ్ళింది.

"ఈ ఇల్లు అమ్మిపెట్టాలండి," అన్నాడు తాతబ్బాయి.

వరహాలు ఇల్లంతా కలియజూశాడు. "ఈ ఇంటికేమైందండీ?"

"ఇంటికేం కాలేదండి. మిమ్మల్ని వదులుకోవద్దన్నారు కాంపౌండరు గారు. పనేమీ చెప్పకపోతే మీరు మా ఇంటికెందుకొస్తారు?"

"మరి మీరెక్కడుంటారండీ?"

"మెరక మీది ఇల్లుంది కదండీ. మాస్టారి దగ్గర మాట్లాడి కొనిపెట్టండి. మంచీ చెడ్డా అన్నీ తెలిసిన ఇల్లు."

ఈవిడైనా అడ్డుపడుతుందేమోనని వరహాలు మాచరమ్మ కోసం చూశాడు. ఆవిడ అప్పటికే నిండు బిందె చంకనెత్తుకుని, మోకాలికి మళ్ళీ అలవాటు చెయ్యాలని, మెరక వైపు బయల్దేరింది.