అయిదు రంగుల అన్నం

ఒక గర్భిణి కుడి పక్కటెముకల కింద, కాలేయంలో, ఒక నేతశాల ఉండేది. గుమ్మంలో కాపలాదారు, మగ్గం దగ్గర పెద్ద నేతకత్తె, గోడ నిండా నమూనాల చుట్టలు. ఏ చుట్ట విప్పాలో నేతకత్తె ఇష్టం కాదు, మోతగాళ్ళు తెచ్చే దారాల ఇష్టం. దారాలు ఇరవై రకాలు. కొన్నిటిని లోపలే వడుకుతారు. తొమ్మిది మాత్రం పళ్ళెంలోంచే రావాలి.

పళ్ళెం అత్తగారి చేతిలో ఉండేది.

"పప్పు వాతం," అంది అత్తగారు. "గుడ్డు వేడి. చేప నంజు. పాలు కఫం."

"మరేం తినమంటారత్తయ్యా?" అంది కోడలు.

"అన్నం తిను తల్లీ. అదీ కాస్త తగ్గించి. బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సుళువు."

ఆవిడకి తెలియని శాస్త్రం లేదు. చదివిన శాస్త్రమూ లేదు.

కింద, పప్పుదారం మోసేవాడు ఖాళీ చేతులతో వచ్చాడు.

"ఏరా, ఇవాళ కూడానా?" అన్నాడు కాపలాదారు.

"పళ్ళెమంతా వెతికాను. ఊరగాయ ముక్క, మజ్జిగ నీళ్ళు."

కాపలాదారు గంట కొట్టాడు. శాల ఆగడానికి ఒక్క ఖాళీ చెయ్యి చాలు. నెత్తుట్లో నీటిని పట్టి ఉంచే తెల్లబట్ట చుట్టను నేతకత్తె కట్టేసింది. దొరికింది దొరికినట్టు దాచమనే కరువు చుట్ట విప్పింది.

పైన కోడలి పాదాలు నీరు దిగి పొంగాయి.

"మగపిల్లాడి గుర్తు!" అని అత్తగారు మురిసిపోయింది.

సీమంతం ఘనంగా చేశారు. అయిదు రకాల అన్నాలు: చింతపండుది, నిమ్మకాయది, మామిడికాయది, కొబ్బరిది, బెల్లంది. తాలింపులో శనగపప్పు బద్దలుంటే అత్తగారే ఓపిగ్గా ఏరి అవతల పెట్టింది. అంత ప్రేమ ఎవరికుంటుంది!

అదే రోజు, కడుపులోని బిడ్డ ఒంట్లో కడుతున్న బుల్లి నేతశాల నుంచి కబురొచ్చింది. "అమ్మా, చుట్టలు పంపు."

పెద్ద నేతకత్తె అన్నీ పంపింది. ఏదీ దాచుకోలేదు. కాకపోతే అన్నిటికీ గట్టి ముడులు వేసి, ఒక్క కరువు చుట్టనే విప్పి పంపింది. తను చూసిన లోకం అదే మరి.

బిడ్డ పిడికెడంత పుట్టింది. ఆడపిల్ల. సుళువైన కాన్పని అత్తగారు వీధంతా చెప్పుకుంది.

కోడలు అత్తగారి చేతిలోంచి పళ్ళెం లాక్కుంది.

ఆ తరవాత పిల్ల పళ్ళెంలో పప్పు ఉంది, గుడ్డు ఉంది, చేప ఉంది. తల్లి పక్కనే కూచుని ముద్దలు కలిపి పెట్టేది. పిల్ల పొట్ట ముందుకొచ్చింది గాని చేతులు పుల్లల్లాగే ఉన్నాయి.

బుల్లి నేతశాలకి మోతగాళ్ళు ఇరవై రకాల దారమూ మోసుకొచ్చారు. బుల్లి నేతకత్తె మగ్గం ముట్టలేదు. వచ్చిందంతా అటక మీదకి ఎక్కిస్తోంది.

"ఇంత దారం ఉంటే నెయ్యవేమే?" అన్నాడు మోతగాడు.

"కరువు."

"ఎక్కడే కరువు? పైన మీ అమ్మ కొసరి కొసరి పెడుతోంది."

బుల్లి నేతకత్తె ఇంకో మూట అటకెక్కించింది.

"కరువని చెప్పింది కూడా అమ్మే."