నూకరాజు ఇంటి కంప్యూటర్ మెట్లెక్కిన కథ

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక సందులో తెలివైన ఇల్లు ఏదని ఎవరైనా అడిగితే, నూకరాజు తన ఇంటినే చూపించేవాడు. ఇంకెవరినీ అడగాల్సిన పని లేదని కూడా చెప్పేవాడు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. మార్కెట్లో కాటా వేసే నూకరాజు, అతని భార్య వరహాలమ్మ, తమ్ముడు సింహాచలం. ముగ్గురికి ముగ్గురూ తెలివైనవాళ్ళే. అందుకు గేటే సాక్ష్యం. ఆ గేటుని నూకరాజు పాత ఇనుము కొట్లో కొన్నాడు. "కుక్క ఉన్నది జాగ్రత్త" అన్న రేకు దానికి ముందే బిగించి ఉంది. ఇంట్లో చూస్తే కుక్క లేదు. మరి గేటు మీద అబద్ధం ఉండకూడదు కదా! ముగ్గురూ ఆలోచించి, రోజుకొకరు చొప్పున మొరగాలని వంతులు వేసుకున్నారు. సోమవారం నూకరాజు, మంగళవారం వరహాలమ్మ, బుధవారం సింహాచలం, గురువారం మళ్ళీ నూకరాజు.

"ఈ సందులో ఇంత నిజాయితీగా మొరిగే ఇల్లు ఇంకోటి ఉందేటి?" అనేవాడు నూకరాజు, గొంతు సవరించుకుంటూ.

వాళ్ళింట్లో ఒక కంప్యూటర్ ఉంది. ఆటల కోసమని అయిదేళ్ళ కిందట కొన్న చవక రకం. దాంట్లో వాళ్ళు లారీ నడిపే ఆట ఆడేవారు. స్టీరింగు వరహాలమ్మది, బ్రేకు సింహాచలానిది, హారన్ నూకరాజుది. హారన్ లేకపోతే లారీ కదలదని నూకరాజు గట్టి నమ్మకం.

ఈ మధ్య ఆ ఆట కొత్తగా మారింది. ఘాట్ రోడ్డు వచ్చింది, వాన వచ్చింది, ఆకాశంలో పిట్టలొచ్చాయి. ఇంకేముంది, పాత కంప్యూటర్ కాస్తా చతికిలబడింది. మూడో మలుపు దగ్గరికి రాగానే లారీ ఆగిపోయేది. చక్రం తిరగదు, చెట్టు ఊగదు, పిట్ట గాల్లోనే నిలబడిపోతుంది.

"పాపం, రెక్కలు నెప్పెట్టవూ దానికి?" అని వరహాలమ్మ బాధపడేది.

అలా మూడుసార్లు ఓడిపోయారు. ఓడింది ఎవరి చేతిలో? చోడవరంలో తన ఇంట్లోంచే ఇంటర్నెట్లో పోటీకొచ్చే తోడల్లుడు పైడయ్య చేతిలో! వరహాలమ్మ అక్క మొగుడన్నమాట. నాలుగోసారి పైడయ్యే ఫోన్ చేసి పందెం కట్టాడు.

"తమ్ముడూ, ఆదివారం పదింటికి ఆట. ఓడినోళ్ళు గెలిచినోళ్ళ గుమ్మంలోకొచ్చి, వీధంతా వినేటట్టు 'మీకే తెలివెక్కువ' అని చెప్పాల. సరేనా?"

నూకరాజు సరేనన్నాడు గానీ, ఫోన్ పెట్టేశాక అన్నం సహించలేదు. ఊళ్ళో ఎవరి ముందైనా తల వంచుతాడు గానీ ఆ మాట మాత్రం అనలేడు. ఆ మాటే అన్నాక ఇక ఆ ఇంటికి మిగిలేదేముంది?

గురువారం పొద్దున్నే కంప్యూటర్లు బాగుచేసే సత్తిబాబుని పిలిపించాడు. సత్తిబాబు గేటు తీయగానే నూకరాజు వసారాలోంచి నాలుగుసార్లు మొరిగి, "రండి బాబూ, రండి" అని కుర్చీ వేశాడు. సత్తిబాబు అలవాటైనవాడే. కూర్చుని కంప్యూటర్ డబ్బా విప్పి చూశాడు.

"దీనికి రెండే దారులండీ," అన్నాడు.

నూకరాజు వీధి గుమ్మం వైపు ఒకసారి, పెరటి గుమ్మం వైపు ఒకసారి చూసి, నిజమేనని తలూపాడు.

"ఒకటి, దీన్నే అప్‌గ్రేడ్ చేసుకోవడం. రెండు, దీన్ని తీసేసి దీని చోట కొత్తది పెట్టుకోవడం."

"అప్‌గ్రేడంటే ఏటి బాబూ?" అంది వరహాలమ్మ.

"ఉన్నదాన్నే ఒక మెట్టు పైకి ఎక్కించడమమ్మా. అయినా ముందు దుమ్ము దులపండి. లోడ్ ఎక్కువైపోయింది, అది తగ్గించండి. దీంట్లో బొమ్మల కార్డు లేదు. మంచి కార్డు పెడితే బొమ్మ పరిగెడుతుంది."

"రెండు దారుల్లో ఏది నయం?" అన్నాడు నూకరాజు.

"అది మీరే కూర్చుని ఆలోచించుకోవాలి. నేను విశాఖపట్నంలో పెళ్ళికెళ్తున్నాను, సోమవారం వస్తాను." అంతే, సత్తిబాబు బండెక్కి వెళ్ళిపోయాడు.

కూర్చుని ఆలోచించమన్నాడు కదా, ముగ్గురూ కూర్చోబోయారు. ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు. నూకరాజు, వరహాలమ్మ కూర్చున్నారు. సింహాచలం నిలబడే, "అన్నయ్యా, పాతది అమ్మేసి కొత్తది కొనుక్కుంటే..." అనబోయాడు.

"నోర్ముయ్యి! నిలబడి ఆలోచించింది లెక్కలోకి రాదు," అన్నాడు నూకరాజు.

సింహాచలం పక్కింటికెళ్ళి కుర్చీ అడిగి తెచ్చుకుని కూర్చున్నాడు. తీరా కూర్చున్నాక, తను ఏం ఆలోచించాడో మర్చిపోయాడు.

"ఉన్నదాన్నే పైకెక్కిద్దాం. అయిదేళ్ళు మనతో ఉంది, ఇంటి మనిషిలాంటిది," అన్నాడు నూకరాజు.

"తీసేసి కొత్తది పెడదాం. ఆ పిట్ట బాధ నేను చూడలేను," అంది వరహాలమ్మ.

చివరికి, ముందు పైకెక్కించి చూద్దాం, కుదరకపోతే తీసేద్దాం అని తీర్మానించారు. ఇంత తెలివైన తీర్మానం అసెంబ్లీలో కూడా జరగదనుకున్నాడు నూకరాజు.

ముందు దుమ్ము దులపాలి. కంప్యూటర్ని పెరట్లో బట్టల తీగ మీద వేద్దామని చూశారు. అది నిలవలేదు. సరేనని గట్టు మీద పెట్టి, పరుపులు దులిపే కర్రతో నూకరాజు వాయించాడు. ఒక్కో దెబ్బకీ దుమ్ము లేచింది. దుమ్ముతో పాటు రెండు మేకులు, ఒక రేకు ముక్క కూడా లేచాయి.

"చూశారా ఎంత దుమ్ముందో! మేకులంత దుమ్ము!" అంది వరహాలమ్మ ముక్కు మీద వేలేసుకుని.

ఇక లోడ్. లోడ్ సంగతి నూకరాజుకి తెలిసినంత ఎవరికి తెలుసు? కాటా మీద పెట్టి తూచాడు. తొమ్మిది కిలోలు. "అమ్మో, అందుకే ఘాట్ ఎక్కలేకపోతోంది!" అన్నాడు. పక్క రేకులు పీకేశాడు. కాళ్ళు పీకేశాడు. లోపల ఖాళీగా ఉన్న సీడీల పెట్టె పీకేశాడు. కంప్యూటర్ ఆరున్నర కిలోలకు దిగింది. అప్పటికీ అది వెలిగిందంటే దాని గట్టితనమే.

తర్వాత కార్డు. సింహాచలం రేషన్ కార్డు తెచ్చాడు.

"అది కాదు. బొమ్మల కార్డన్నాడు. దీని మీద బొమ్మలేవి?" అంది వరహాలమ్మ. పెట్టె వెతికి, మొన్న వచ్చిన ఒక శుభలేఖ తీసింది. దాని మీద బంగారు రంగు వినాయకుడు, రెండు అరటిచెట్లు, పల్లకీ, నాలుగు చిలకలు. ఇంతకంటే బొమ్మలున్న కార్డు జిల్లాలో ఉండదు. దాన్ని కంప్యూటర్ లోపల రెండు బోర్డుల మధ్య ఇరికించి ఆట పెట్టారు. లారీ మూడో మలుపు దాకా వెళ్ళి ఆగింది. కాసేపటికి లోపల్నించి సన్నగా పొగ వచ్చింది.

"పల్లకీ కదులుతున్నట్టుంది అన్నయ్యా!" అన్నాడు సింహాచలం.

"పొగ లారీది," అన్నాడు నూకరాజు ధైర్యంగా. "బండి స్టార్టయింది." ఇంతలో శుభలేఖ అంచు మాడి, వినాయకుడి దాకా వచ్చింది. వరహాలమ్మ లెంపలేసుకుని కార్డు లాగేసింది.

శుక్రవారం పైకెక్కించే పని మొదలైంది. డాబా మీదికి పదమూడు మెట్లున్నాయి. పొడుగాటి వైరు తగిలించి, కంప్యూటర్ని మొదటి మెట్టు మీద పెట్టి ఆట ఆడారు. లారీ మూడో మలుపులో ఆగింది. రెండో మెట్టెక్కించారు. ఆగింది. మూడో మెట్టెక్కించారు. ఆగింది. మెట్టు మెట్టుకీ వరహాలమ్మ స్టీరింగు తిప్పింది, నూకరాజు హారన్ కొట్టాడు. మధ్యాహ్నానికి పదమూడు మెట్లూ అయిపోయాయి.

"ఇంక మెట్లు లేవన్నయ్యా," అన్నాడు సింహాచలం చెమట తుడుచుకుంటూ.

నూకరాజు తలెత్తి చూశాడు. డాబా మీద సిమెంటు నీళ్ళ ట్యాంకు, దానికి ఆనించిన నిచ్చెన. నిచ్చెనకి ఏడు మెట్లు!

అంతే. కంప్యూటర్ని భుజం మీద పెట్టుకుని ఎక్కాడు. పైకి వెళ్ళేకొద్దీ అతని మనసు కూడా పైకి లేచింది. అక్కడ్నించి చూస్తే బెల్లం మార్కెట్ మొత్తం కనిపిస్తోంది. చల్లటి గాలి తగులుతోంది. కంప్యూటర్ని ట్యాంకు మూత మీద పెట్టి, "ఇంతకంటే పైకి ఎక్కించినోడు అనకాపల్లిలో లేడు!" అని అరిచాడు.

మూత పగుళ్ళిచ్చి ఎన్నాళ్ళయిందో. ఇంకేముంది, అది ఫెళ్ళున విరిగింది. పొడుగాటి వైరు ఊడి, తెగి, పనికిరాకుండా పోయింది. కంప్యూటర్ బుడుంగుమని ట్యాంకులో పడింది.

ముగ్గురూ ట్యాంకు అంచు పట్టుకుని లోపలికి తొంగి చూశారు. అడుగున అది కదలకుండా కూర్చుని ఉంది. చిన్న చిన్న బుడగలు పైకి వస్తున్నాయి. నూకరాజు గుండె జారిపోయింది.

"పోనీలెండి," అంది వరహాలమ్మ. "ఒక దారి అయిపోయింది. రెండో దారి ఉంది కదా. రేపే కొత్తది తెద్దాం."

శనివారం కొత్త కంప్యూటర్ వచ్చింది. నల్లగా నిగనిగలాడుతోంది, లోపల రంగురంగుల దీపాలున్నాయట. సింహాచలం దాన్ని హాల్లో బల్ల మీద పెట్టబోతే నూకరాజు ఆపాడు.

"ఆగు. సత్తిబాబు ఏటన్నాడు? 'దీన్ని తీసేసి దీని చోట కొత్తది పెట్టండి' అన్నాడా లేదా? పాతది ఎక్కడుంది?"

"ట్యాంకులో."

"మరి దాని చోటు ఏది?"

సింహాచలం నోరు తెరిచాడు. అన్న తెలివికి అతనికి ఒళ్ళు పులకరించింది. ముగ్గురూ పైకెళ్ళారు. పాతదాన్ని కొక్కెం వేసి పైకి లాగి పక్కన పెట్టారు. అది ఏ మూల, ఏ దిక్కున ఉండేదో వరహాలమ్మ బాగా గుర్తు పెట్టుకుంది. "ఇంకొంచెం ఉత్తరానికి... ఆఁ, అక్కడే!" అంటుంటే, నూకరాజు కొత్తదాన్ని మెల్లగా నీళ్ళలోకి దించాడు. కొత్తదాని వైరు పొట్టిది, ప్లగ్గు దాకా అందలేదు. అందుకే ముగ్గురూ బతికిపోయారు.

"రేపు పదింటికల్లా పొడుగు వైరు తెస్తాను," అన్నాడు సింహాచలం.

ఆదివారం కొట్లు తెరవలేదు. వైరు దొరకలేదు. పది అయింది, పదిన్నర అయింది. నూకరాజు ట్యాంకు పక్కనే కూలబడ్డాడు. ఆట ఆడకపోతే ఓడినట్టే. చోడవరం వెళ్ళాలి, పైడయ్య గుమ్మంలో నిలబడాలి, ఆ మాట అనాలి. మనసులో ఒకసారి అని చూసుకున్నాడు. "మీకే తె..." దగ్గరే ఆగిపోయాడు.

పన్నెండింటికి గేటు చప్పుడైంది. ఆ రోజు వంతు ఎవరిదో ఎవరికీ గుర్తు రాలేదు, ముగ్గురూ కలిసి మొరిగారు. చూస్తే పైడయ్యే! వెనకాల వరహాలమ్మ అక్క. ఇద్దరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. పైడయ్య గుమ్మంలో నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని అరిచాడు.

"మీకే తెలివెక్కువ!"

నూకరాజు బిత్తరపోయాడు. "అదేటన్నయ్యా? మేమసలు ఆడనే లేదు!"

"మేమూ ఆడలేదు తమ్ముడూ," అన్నాడు పైడయ్య నీరసంగా. "పదింటికి ఆట పెట్టాం. 'అవతలివాళ్ళ కోసం ఎదురుచూడండి' అని వచ్చింది. సరేనని నేనూ మీ వదినా బస్టాండుకెళ్ళి మీకోసం ఎదురుచూశాం. మూడు బస్సులొచ్చాయి, మీరు దిగలేదు. ఆట వదిలేసి వచ్చేశాం కాబట్టి మేమే ఓడిపోయాం."

నూకరాజుకి అప్పుడు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. బరువంతా దిగిపోయింది. కానీ న్యాయం న్యాయమే. తనూ గుమ్మంలోకొచ్చి, వీధంతా వినేటట్టు అరిచాడు. "లేదు, మీకే తెలివెక్కువ! బస్టాండు సంగతి మాకు తోచనే లేదు!"

"కాదు, మీకే!"

"మీకే!"

సందులో జనం బయటికొచ్చి చూశారు. ఎవరూ కాదనలేదు.

అందరూ డాబా ఎక్కి సంగతి చూశాక, పైడయ్యే సలహా ఇచ్చాడు, ఆ సత్తిబాబునే అడగమని. వరహాలమ్మ ఫోన్ కలిపింది. అవతల సన్నాయి, డప్పులు.

"బాబూ, కంప్యూటర్ నీళ్ళలో పడింది!"

"ఎంతసేపైంది?"

"పాతది మొన్నట్నించి, కొత్తది నిన్నట్నించి."

సత్తిబాబు సన్నాయిని మించి అరిచాడు. "బియ్యంలో పెట్టండమ్మా. తడి లాగేస్తుంది."

ఇంకేముంది! పెరట్లో పెళ్ళిళ్ళకి వాడే పెద్ద గుండిగ దించారు. రెండు కంప్యూటర్లూ అందులో పెట్టి, చుట్టూ పది కిలోల బియ్యం పోశారు. పని సవ్యంగా జరుగుతోందని నూకరాజుకి నమ్మకం కుదిరింది. అంతలో వరహాలమ్మకి అసలు సందేహం వచ్చింది. మళ్ళీ ఫోన్ కలిపింది.

"బాబూ, బియ్యం పోశాం. ఎసరెంత పొయ్యమంటావు?"

"ఏంటమ్మా? బాజాల్లో వినపడట్లేదు. ఒకటికి రెండు సార్లు చెప్పండి..."

ఫోన్ తెగిపోయింది.

"ఏటన్నాడు?" అన్నారు నలుగురూ.

"ఒకటికి రెండట!" అంది వరహాలమ్మ.

అంతే. బియ్యానికి రెట్టింపు నీళ్ళు కొలిచి పోశారు. సింహాచలం కట్టెలు తెచ్చాడు, నూకరాజు పొయ్యి వెలిగించాడు, వరహాలమ్మ అక్క ఉప్పు వేసింది. కుతకుత ఉడుకు పట్టింది. కాసేపటికి పైడయ్య మూత తీసి, గరిటెతో వైరు పైకెత్తి, రెండు వేళ్ళతో నొక్కి చూశాడు.

"ఇంకా పలుకుంది తమ్ముడూ. మంట కాస్త పెంచు."