చెట్టుకు కట్టిన సుంకమ్మ చీర

అప్పుడెప్పుడో, ఎండకే దాహం వేసిన కాలంలో, నల్లబండపల్లె అని ఒక ఊరు. ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒక ముసలామె. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, చేను లేదు. చివరి వీధిలో ఒక కొట్టం, కొట్టం వెనక మంచం పట్టేంత పెరడు. ఆమెకు ఉన్నది అంతే.

సుంకమ్మ పని ఇళ్ళు అలకడం. ఎవరింట్లో పండగైనా, పెళ్ళైనా, చావైనా ముందు ఆమెకే కబురు వెళ్ళేది. పేడతో నేల అలికేది, ఎర్రమన్నుతో గోడలు పూసేది. ఆమె చెయ్యి పడిన గోడ మీద ఈగ వాలినా జారుతుందని చెప్పుకునేవాళ్ళు. తన కొట్టం గోడ మాత్రం పెచ్చులూడి ఉండేది. ఊరందరి గోడలూ పూసే మనిషికి తన గోడ పూసుకునే తీరిక దొరకలేదు. అదంటే నాకిప్పటికీ కోపమే. సరే, కథకు వద్దాం.

ఆ ఊరి టమోటా సంగతి ముందు చెప్పాలి. చిన్న కాయ, ఉసిరికాయంత. పులుపంటే పులుపు. చింతచెట్టు ఆ నేలలో నిలవదు. కాబట్టి రాగిముద్దలోకి ఆ టమోటా పులుసే దిక్కు. వానాకాలంలో ఇంటింటా అంట్లు తోమే బండ పక్కన రెండు చెట్లుండేవి, కాపయ్యాక ఎండిపోయేవి. బాగా పండిన కాయలోని గింజలు తీసి, బూడిదా పేడా కలిపి, అరచేతంత బిళ్ళ తట్టి వసారా గోడకు కొట్టేవాళ్ళు. మరుసటి ఏడు ఆ బిళ్ళ ఊడదీసి, చిదిమి, మట్టిలో వేస్తే మొలకలొచ్చేవి. తాతల నాటి నుంచీ అదే విత్తనం, అదే గోడ.

ఒక ఏడు ఊళ్ళో అమ్మోరికి జాతర, అదే దేవర, చేయాలనుకున్నారు. ఊరిపెద్ద చిన్నపరెడ్డి దండోరా వేయించాడు.

"అమ్మోరు మన వీధుల్లో తిరుగుతాది. ఏ గోడ మీదా ఒక్క మరక కనపడగూడదు" అన్నాడు.

సుంకమ్మ మొదటి ఇంటికి పోయింది. "అమ్మా, గోడ మీద విత్తనాల బిళ్ళుండాది, ఏం చేయమంటావు?" అని అడిగింది. "గీకెయ్ సుంకమ్మా, పక్కింట్లో అడిగి తీసుకుంటాంలే" అన్నారు. రెండో ఇంటికి పోయింది. "గీకెయ్, పక్కింట్లో అడుగుతాంలే" అన్నారు. మూడో ఇంటికి పోయింది. అక్కడా, ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ అదే మాట.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చిక్కంతా అక్కడే వచ్చింది. అడిగితే లేదనే ఇల్లు ఆ ఊళ్ళో ఒక్కటీ ఉండేది కాదు. అందుకే, అడిగితే ఉండకపోవచ్చన్న ఊహ ఎవరికీ రాలేదు. సుంకమ్మకూ రాలేదు. చెప్పిన ఇల్లల్లా గీకింది, చెప్పిన గోడల్లా పూసింది.

దేవర ముగిసింది. ఊరు ఎర్రగా, నున్నగా మెరిసింది. ఆ సాయంత్రం సుంకమ్మ ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ తన గోడ వంక చూసింది. పెచ్చులూడిన గోడ మీద ఒకే ఒక్క బిళ్ళ. అప్పుడు తెలిసింది. ఊరంతటికీ అదే మిగిలింది.

"నా చేత్తోనే గీకినానే" అని అక్కడే కూలబడింది.

పోనీ, ఆ బిళ్ళ వానల దాకా గోడ మీదే ఉంచుదామా అంటే చెదలు పట్టింది. సగం అప్పటికే మట్టి. ఆగితే ఆ సగమూ పోతుంది. సుంకమ్మ ఇంక ఆగలేదు. చలి వెనకబట్టగానే పెరట్లో వేసింది. మూడంటే మూడు మొలకలొచ్చాయి.

మొలకలకు ఆకులు వచ్చేసరికి ఎండలూ వచ్చాయి. అలాంటి ఎండలు అంతకు ముందు లేవు. కాకులు పొద్దున్నే అరిచి మళ్ళీ సాయంత్రం దాకా నోరు తెరిచేవి కావు. బావి అడుగంటింది. ఇంటికి మూడు కడవలని కట్టుబాటు పెట్టారు. ఒంటిమనిషి కాబట్టి సుంకమ్మకు ఒక్క కడవ. తెల్లవారకముందే లేచేది. తనకొక ముంత, చెట్లకొక ముంత. పొద్దుగూకాక మళ్ళీ అదే లెక్క. తనకొక ముంత, చెట్లకొక ముంత.

మొదటి చెట్టును ఈరమ్మ వాళ్ళ మేక తినేసింది. ఈరమ్మ కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, కడుపుతో ఉంది. మేకను కట్టేయడం మరిచిపోయింది. సుంకమ్మ మిగిలిన రెండు చెట్లకూ కంప అడ్డం పెట్టుకుంది.

రెండో చెట్టు పక్కింటి తిప్పమ్మ వల్ల పోయింది. సుంకమ్మ పనికి పోయి ఉంది. తిప్పమ్మ మిట్టమధ్యాహ్నం పెరట్లోకి తొంగి చూస్తే చెట్టు తల వేలాడేసి ఉంది. అయ్యో పాపం, దాహమేమో అనుకుంది. తన కడవలో నీళ్ళు, అదీ ఎండలో ఉన్న కడవ, ముంచి పోసింది. మంచికే పోసింది. మధ్యాహ్నం ఆకు వాలేది ఎండకు ఓర్చుకోవడానికని, చల్లబడితే దానంతటదే లేస్తుందని ఆమెకేం తెలుసు? సలసల కాగే మట్టిలో వేడినీళ్ళు పడ్డాయి. సాయంత్రానికి వేరు ఉడికిపోయింది.

తిప్పమ్మ తల కొట్టుకుని ఏడ్చింది. సుంకమ్మ ఆమె వీపు నిమిరింది. "ఊరుకో తిప్పీ. నేను ఊరంతటి విత్తనం గీకినా. నువ్వు ఒక చెట్టుకు నీళ్ళు పోసినావు" అంది.

ఇక మిగిలింది మూడో చెట్టు. దాని పూత పూసినట్టే పూసి రాలిపోతోంది. ఎండ తగ్గితే గాని పూత నిలవదు. సుంకమ్మ ఇంట్లోకి పోయి, అటక మీద కుండ దించింది. అందులో ఒక చీర ఉంది. కట్టని చీర. గంధం రంగు, ఎర్ర అంచు. ఆ కాలంలో మా ముసలివాళ్ళందరూ అలా ఒక చీర దాచుకునేవాళ్ళు, పోయాక మీద కప్పడానికి. సుంకమ్మ ఊళ్ళో అందరికీ చెప్పి పెట్టింది కూడా. "నాకెవరూ లేరు. కడపట ఆ చీర మాత్రం కప్పండి" అని.

ఆ చీర తెచ్చి నాలుగు కట్టెలు పాతి చెట్టు మీద పందిరిలా కట్టింది.

తిప్పమ్మ గోడ మీంచి చూసి నోరు నొక్కుకుంది. "సుంకక్కా, మతిగాని పోయిందా? సచ్చినంక కప్పుకునే చీర చెట్టుకు కడ్తావా?"

"నేను సచ్చేది ఎప్పుడో ఏమో. ఈ చెట్టు ఈ పొద్దే సస్తాది" అంది సుంకమ్మ.

పూత నిలిచింది. మూడు పిందెలు పడ్డాయి. మూడంటే మూడే.

కాయలు పచ్చిగా ఉండగా ఈరమ్మ వచ్చింది. వేవిళ్ళతో మనిషి ఎముకలగూడైంది. గుటక దిగడం లేదు. పెరట్లోకి రావడానికి మొహం చెల్లక గడప దగ్గరే నిలబడింది. "అవ్వా, పుల్లనిది ఏదన్నా నోట్లో పడితే బతుకుతానేమో" అంది. సుంకమ్మ పచ్చికాయ తుంచి చేతిలో పెట్టింది. "తిను తల్లీ. ఇంకా రెండుండాయిలే" అంది. పచ్చికాయలో విత్తనం కట్టలేదు.

కాయలు దోరగా ఉండగా చిన్నపరెడ్డి వచ్చాడు. గోడల మీద మరక ఉండకూడదన్న మనిషి, పెచ్చులూడిన గోడ ముందు తల వంచుకుని నిలబడ్డాడు. "మా అమ్మకు జరమొచ్చి నోరు సచ్చిపోయింది. రసం కావాలంటాంది. అడిగే మొహం లేదు సుంకమ్మా" అన్నాడు. సుంకమ్మ దోరకాయ తుంచి చేతిలో పెట్టింది. "తీసుకుపో నాయనా. ఇంకొకటుండాదిలే" అంది. ఆ కాయ రసంలో ఉడికిపోయింది. ఉడికిన గింజ మొలకెత్తదు.

మూడో కాయ మిగిలింది.

అది ఎర్రబారే రోజుల్లోనే సుంకమ్మకు వడదెబ్బ తగిలింది. పొద్దున పనికి పోయిన మనిషి గోడలు పట్టుకుంటూ వచ్చి కొట్టంలో పడిపోయింది. తిప్పమ్మ పరుగెత్తుకొచ్చింది. తడిగుడ్డ వేసింది, నీళ్ళు తాగించబోయింది. నీళ్ళు దిగలేదు. పెదాలు పగిలి ఉన్నాయి.

"అక్కా, ఆ పండు పిండి రెండు చుక్కలు పోస్తా. పులుపుకు నోరు తెరుసుకుంటాది" అని లేచింది తిప్పమ్మ.

సుంకమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఉన్న బలమంతా ఆ పట్టులోనే ఉంది.

"ఇంకేం లేవు తిప్పీ. అదొక్కటే. తుంచగాకు. ముట్టుకుంటే అదే చేతిలోకి రావాల. అప్పుడే గింజ గట్టిపడినట్టు."

"మరి నువ్వో అక్కా?"

"నాకొక ముంత, చెట్టుకొక ముంత. నా ముంత కూడా చెట్టుకే పొయ్యి" అంది.

అవే ఆఖరి మాటలు. మరునాడు పొద్దెక్కేసరికి సుంకమ్మ పోయింది.

ఊరంతా వచ్చింది. ఆ ఎండలో శవాన్ని ఎంతోసేపు ఉంచలేరు. స్నానం చేయించారు. మీద కప్పాలి. ఆడవాళ్ళు పెరటి వైపు చూశారు. చెట్టు మీద గంధం రంగు చీర, ఎర్ర అంచు.

"ఆమె కోరింది ఆ చీరే. బతికున్నన్నాళ్ళూ ఒక్క కోరికే చెప్పింది. అదన్నా తీర్చకపోతే మనకు పాపం" అన్నారు పెద్దవాళ్ళు. ఇద్దరు ముడులు విప్పడానికి వెళ్ళారు. వాళ్ళు అన్నది తప్పు కాదు. చనిపోయిన మనిషి మాట దాటకూడదు. కానీ సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. చీర తీస్తే ఆ పూట దాటేలోపు చెట్టు మాడిపోతుంది. పండు ఇంకా కాడను వదల్లేదు.

తిప్పమ్మ పోయి చెట్టుకు అడ్డం నిలబడింది.

"ఎవరూ ముట్టొద్దు."

"ఆమె మాట కాదంటావా?" అన్నాడు చిన్నపరెడ్డి.

"కాదంటా. ఆ మాట చెప్పింది ఎప్పుడో. కట్టిన ముడి మొన్నటిది. తన చేత్తో కట్టింది. నేను ఒకసారి మంచికని ఆమె చెట్టును సంపినా రెడ్డీ. మళ్ళీ మంచికని సంపనీయను."

ముడులు విప్పబోయిన ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. తిప్పమ్మ తన ఇంట్లోకి పోయింది. తనూ ఒక చీర దాచుకుంది. ఆకుపచ్చది. తన చావుకు దాచుకున్న ఆ చీర తెచ్చి, సుంకమ్మ మీద కప్పి, అంచులు సర్దింది. ఊరు ఊరంతా ఏడ్చింది. సుంకమ్మను ఆకుపచ్చ చీరలో సాగనంపారు.

ఆ తర్వాత తిప్పమ్మ రోజూ తెల్లవారకముందే లేచేది. తనకొక ముంత, చెట్టుకొక ముంత. తొమ్మిదో రోజు పండును వేలితో తాకితే అదే అరచేతిలోకి వచ్చింది. గింజలు తీసి, బూడిదా పేడా కలిపి, బిళ్ళ తట్టి సుంకమ్మ గోడకే కొట్టింది. చిన్నపరెడ్డి ఎర్రమన్ను తొక్కి, తన చేత్తో ఆ గోడంతా పూశాడు. పనివాళ్ళను ముట్టనివ్వలేదు. బిళ్ళ చుట్టూ మాత్రం అరచేతంత చోటు వదిలేశాడు. వానలొచ్చాక ఆ ఒక్క బిళ్ళను చిదిమి ఇంటింటికీ చిటికెడు పంచారు.

ఆ మట్టిగోడ ఎప్పుడో కూలిపోయింది. అయినా మా వైపు ఇప్పటికీ గోడలు పూసేటప్పుడు అరచేతంత చోటు వదిలేస్తారు. సున్నాలు పోయి రంగులొచ్చినా వదిలేస్తారు. తెలియనివాళ్ళు మరక అనుకుంటారు. అది సుంకమ్మ చోటు. ఎండాకాలం మిద్దె మీద కుండీల్లో టమోటా పెట్టుకున్నవాళ్ళు కూడా మధ్యాహ్నం నీళ్ళు పోయరు. పైన పాత చీర కట్టి, "సుంకమ్మా, నీ చీర అడ్డం పెట్టు తల్లీ" అని ముడి వేస్తారు.

ఇంకొకటి ఉంది. మా ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ ఒక చీర దాచుకుంటారు. కానీ పోయినప్పుడు అది వాళ్ళ మీద కప్పరు. పక్కింటి ఆడమనిషి తన చీర తెచ్చి కప్పుతుంది. దాచుకున్న చీర మాత్రం వచ్చే ఎండాకాలం పెరట్లో చెట్టుకు కడతారు.

నా పెట్టెలోనూ ఒకటుంది. నీలం రంగుది. ఏ చెట్టుకు కట్టాలో పక్కింటి పిల్లకు చెప్పి ఉంచాను.