గేదె పాకలో షేర్లు

భగవంతుడు బుద్ధి పంచిన నాడు తూముపాలెంలో వివేకుల వారి ఇంటి ముందు ఒక బస్తా దింపి వెళ్లాడని ఆ ఇంటివారి నమ్మకం. ఆ బస్తా మూతి ఇంకా విప్పలేదని ఊరివారి అభిప్రాయం. ఆ మాట చెవిన పడ్డా పెద్దకొడుకు వీరభద్రం నొచ్చుకునేవాడు కాదు. "విప్పితే ఖర్చయిపోతుంది. దాచుకున్నవాడే బుద్ధిమంతుడు" అనేవాడు.

వీరభద్రానికి ఇద్దరు తమ్ముళ్లు, అవధాని, చిట్టెబ్బాయి. తల్లి మాణిక్యాంబ. నలుగురిదీ ఒకటే నిష్ఠ. తెలిసినవారు చెప్పిన మాటను చెప్పినది చెప్పినట్టు పాటించాలి. ఒకనాడు రేడియోలో వాన పడుతుందన్నారు. ఎండ కాసింది. అంతే, నలుగురూ గొడుగులు వేసుకుని మిట్టమధ్యాహ్నం దాకా పెరట్లో నిలబడి రేడియోవారి పరువు దక్కించారు.

ఆ ఇంట గౌరి అని ఒక గేదె ఉండేది. మాణిక్యాంబ చెయ్యి నాకితే గాని పాలు చేపేది కాదు. ఆ పాలతో కాచిన కాఫీ గొంతు దిగితే గాని మాణిక్యాంబకు తెల్లవారేది కాదు. అటువంటి గౌరిని వీరభద్రం పాలవ్యాపారి నూకరాజుకు ఇచ్చి, ఆ డబ్బుతో షేర్లు కొన్నాడు.

కొనిపించినవారు అమలాపురంలో షేర్ల వ్యవహారం చూసే కుటుంబరావుగారు. కంపెనీ పేరు వజ్రకవచం. జనం ఫోన్లలో డబ్బు పంపుకునేటప్పుడు జరిగే మోసాలను పసిగట్టి ఆపడం దాని వృత్తి. "మోసాలు ఆపే కంపెనీలో డబ్బు పెడితే మోసమెలా జరుగుతుంది?" అని వీరభద్రం తర్కం. ఆ తర్కానికి తమ్ముళ్లిద్దరూ తలలూపారు. తల్లి మాత్రం కొంగుతో కళ్లొత్తుకుంది.

నూకరాజు మనసున్నవాడు. "ఈ డబ్బే తెచ్చి నా చేతిలో పెట్టండి బాబూ, మీ గేదెని మీరు తోలుకుపోండి. తొలి ఏకాదశి దాటితే మాత్రం నేనాగలేనండి, సంతకి తోలేస్తాను" అన్నాడు.

"ఏకాదశికి షేర్లు పెరుగుతాయి, గౌరి వస్తుంది" అని వీరభద్రం తల్లికి మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట తప్పడం ఆ వంశంలో లేదు.

"షేర్లు కొన్నారంటే ఆ కంపెనీకి మీరూ యజమానులే. చేతికేమీ రావండీ, అన్నీ మీ ఫోనులోనే ఉంటాయి. జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు కుటుంబరావుగారు.

ఇంకేముంది. గేదెను ఇచ్చి తెచ్చుకున్నవి గేదె చోటనే ఉండాలి గనక, పాకకు సున్నం కొట్టారు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. గాడిలో మెత్తని గడ్డి పరిచి, దాని మీద ఫోను పడుకోబెట్టి, గౌరి పలుపుతో గుంజకు కట్టేశారు. ఈగలు వాలకుండా చిట్టెబ్బాయి విసనకర్రతో పక్కనే కూర్చున్నాడు. యజమాని హోదాలో వీరభద్రం పొద్దునా సాయంత్రం వచ్చి, గాడి ముందు వంగి ధర చూసుకుని వెళ్లేవాడు.

ధర రోజురోజుకీ దిగుతోంది. అతడు కుటుంబరావుగారికి ఫోను చేశాడు.

"మోసాలు ఎక్కువైతేనే గదండీ ఆ కంపెనీకి గిరాకీ. మోసాలు తగ్గిపోతే దాని మొహం చూసేదెవరు?" అని ఆయన నవ్వి పెట్టేశారు.

వీరభద్రం నవ్వలేదు. సాయంకాలం దాకా అరుగు మీద ఆలోచించి, తమ్ముళ్లను పిలిచాడు.

"మన కంపెనీ పస్తులుంటోంది. మనం మోసం చెయ్యాలి."

"ఎవర్నన్నయ్యా?" అన్నాడు అవధాని.

"పరాయివారిని మోసగించడం పాపం. మనలో మనమే చేసుకుందాం. చిన్నవాడు గనక చిట్టెబ్బాయి చేస్తాడు."

"నాకు రాదన్నయ్యా" అన్నాడు చిట్టెబ్బాయి.

"నేను నేర్పుతాగా."

అంతే. లేని గుమ్మడికాయ ఒకటి చిట్టెబ్బాయి అన్నకు అమ్మాడు. వీరభద్రం గాడి ముందు మోకరిల్లి, డబ్బు తమ్ముడి ఖాతాకు పంపాడు. కాయ రాలేదు. అన్నదమ్ములు ముగ్గురూ సంతోషించి, వజ్రకవచం వారి ఫిర్యాదుల నంబరుకు ఫోను చేశారు. ఒక అమ్మాయి పలికింది.

"మిమ్మల్ని మోసం చేసిందెవరో ఏమైనా అనుమానం ఉందా సార్?"

"అనుమానమేం లేదమ్మా. మా చిన్నతమ్ముడే."

"అతను ఇప్పుడెక్కడున్నాడో తెలుసా అండి?"

"పక్కనే ఉన్నాడు. బెల్లం ముక్క తింటున్నాడు. మాట్లాడతావా?"

ఆ అమ్మాయి తరవాతి ప్రశ్నకు వెళ్లింది. "డబ్బు వెనక్కి ఇమ్మని అడిగారా సార్?"

"అడక్కముందే ఇచ్చేశాడమ్మా, మంచివాడు. అందుకే మళ్లీ మోసం చెయ్యమన్నాం. రోజూ చేయిస్తాం. మీకు పని తగ్గకుండా చూసుకునే పూచీ మాది. మేం యజమానులం."

ఆ అమ్మాయి ఓర్పు గలది. "మీరేమీ చెయ్యక్కర్లేదు సార్. జాగ్రత్తగా ఉంటే అదే మాకు పదివేలు. అడక్కుండా, ఊరికే వచ్చింది ఏదైనా సరే, మోసం అనుకోండి. అచ్చం అసలుదానిలా కనిపించిందనుకోండి, ఇంకా ఎక్కువ అనుమానించండి. ఎంత బతిమాలినా నమ్మకుండా వెనక్కి పంపేయండి" అని చెప్పింది.

గురుముఖతః విన్న ఉపదేశాన్ని శిష్యుడు ఎట్లా స్వీకరిస్తాడో వీరభద్రం అట్లా స్వీకరించాడు. మర్నాటి నుంచి నలుగురూ స్నానం చేసి, తూర్పుకు తిరిగి, "అడక్కుండా, ఊరికే, అచ్చం అసలులా" అని వల్లించడం మొదలుపెట్టారు.

ఆచరణ పక్కింటి అచ్చమ్మగారితో మొదలైంది. ఆవిడ గిన్నెలో పనసపొట్టు కూర తెచ్చింది.

"అడిగామా అత్తయ్యగారూ?" అన్నాడు అవధాని.

"అడగడమేమిటి నాయనా, ఆవ పెట్టాను, బాగా కుదిరింది."

"కూరలాగే ఉంది" అన్నాడు వీరభద్రం లోతుగా చూసి. గిన్నె వెనక్కి వెళ్లిపోయింది. ఆ పూట అందరూ చారుతో తిన్నారు. కంపెనీకి మేలు చేశామన్న తృప్తి నంజుకున్నారు.

కాఫీ లేక మాణిక్యాంబ చిక్కిపోతోంది. ఒకనాడు పక్కింటి ఫోనులో రావులపాలెంలో ఉన్న తమ్ముడు సుబ్బారాయుడితో మాట్లాడుతూ ఏడ్చింది. డబ్బు అడగలేదు. కాఫీ గురించి ఏడ్చిందంతే. తోడబుట్టినవాడు ఊరుకుంటాడా? ఏకాదశికి ముందురోజు ఆటో దిగి, తువ్వాలులో కట్టిన డబ్బుతో గుమ్మం ముందు నిలిచాడు.

"ఒరే పెద్దాడా, ఇదుగో. ఇప్పుడే పోయి గేదెని తోలుకురండి. నాకు తిరిగి ఇవ్వక్కర్లేదు."

అన్నదమ్ములు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అడిగామా?" అన్నాడు వీరభద్రం.

"లేదు."

"ఊరికేనా?"

"ఊరికే. పైగా అచ్చం మామయ్యలాగే ఉన్నాడు. చెవి మీద పులిపిరి కూడా పెట్టుకొచ్చాడు" అన్నాడు అవధాని. అతని గొంతులో ఆ పనితనం పట్ల కొంత గౌరవం కూడా ఉంది.

"పెట్టుకురావడం ఏవిట్రా శుంఠా, పుట్టినప్పణ్ణుంచీ ఉంది" అన్నాడు సుబ్బారాయుడు.

వీరభద్రం న్యాయం తప్పనివాడు. తల్లిని పిలిచి చూపించాడు. "నా తమ్ముడేరా" అంది మాణిక్యాంబ.

"అచ్చం అలాగే ఉన్నాడా అమ్మా? ఏ తేడా లేదా?"

"అచ్చం అలాగే. వెంట్రుకవాసి తేడా లేదు."

"అయితే నువ్వు లోపలికి రా."

తలుపు మూశారు. సుబ్బారాయుడు కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఒరే, చిన్నప్పుడు నిన్ను వీపు మీద ఎక్కించుకుని కాలవ దాటించాను గదరా" అన్నాడు.

"చూశారా, మన ఇంటి గుట్టంతా తెలుసుకునే వచ్చాడు" అని వీరభద్రం కిటికీ కూడా మూయించాడు.

మూసిన కిటికీకి సుబ్బారాయుడు నమస్కారం పెట్టి, తిన్నగా నూకరాజు ఇంటికి నడిచి, డబ్బు తానే కట్టి, రావులపాలెం బస్సెక్కాడు.

తెల్లవారితే ఏకాదశి. నూకరాజు గౌరిని వీధి మొగదాకా తోలి వదిలాడు. దారి దానికి తెలుసు. గుమ్మం ముందుకు వచ్చి నిలబడి, కడుపులోంచి ఒక్క పిలుపు పిలిచింది. మాణిక్యాంబ చేతిలో చేట ఎక్కడ పడిందో ఆమెకు తెలియదు. వెళ్లి మెడ కౌగలించుకుంది. గౌరి ఆమె చెయ్యి నాకింది.

వీరభద్రం గుమ్మంలోకి వచ్చాడు. దూడగా ఉన్నప్పుడు దానికి ఒళ్లు రుద్ది, గిట్టలు కడిగినవాడు అతడే. ఒక్క అడుగు ముందుకు వేశాడు. అంతలో తాను యజమానినన్న సంగతి గుర్తుకొచ్చింది. అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మా, దీన్ని పంపమని మనం అడిగామా?"

"లేదు నాయనా."

"డబ్బిచ్చామా?"

"ఎక్కణ్ణించి ఇస్తాం?"

"గౌరిలాగే ఉందా?"

మాణిక్యాంబ తడి చేతిని చూసుకుంది. చాలాసేపు ఆలోచించింది. "గౌరి ఒకసారి నాకి ఊరుకునేది. ఇది వదలకుండా నాకుతోంది నాయనా. అసలుదానికి ఇంత ప్రేమ ఎప్పుడుందిలే" అని కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

అంతే. రానని నాలుగు కాళ్లూ తన్నిపెట్టిన గౌరిని ముగ్గురూ ముందొకరు లాగి, వెనక ఇద్దరు నెట్టి, నూకరాజు ఇంటికి చేర్చారు.

"డబ్బు ముట్టిందండి బాబూ. గేదె మీదేనండి" అన్నాడు నూకరాజు.

"ఇచ్చిందెవరు?"

"మీ మావయ్యగారండి."

"ఆయన నకిలీ అని నిన్ననే తేల్చాం. నకిలీ మనిషి విడిపించింది అసలు గేదె ఎట్లా అవుతుంది? నీ దగ్గరున్న అసలుదాన్ని ఎవరో మార్చేశారు నూకరాజూ. పాపం, నువ్వూ మోసపోయావు."

నూకరాజు గేదెను చూశాడు. ముగ్గుర్నీ చూశాడు. "మీరెలాగంటే అలాగేనండి" అని పలుపు అందుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి గాడిలో ఫోను మోగి ఆగింది. అవధాని చదివాడు. లాభాలు వచ్చినందున వజ్రకవచం వారు యజమానులందరికీ డివిడెండు పంచుతున్నారట. వీరివంతు ఖాతాలో వేశారట.

"అడిగామా?" అన్నాడు వీరభద్రం నీరసంగా.

"లేదు. ఊరికే ఇచ్చారు. అచ్చం మన కంపెనీవాళ్లు రాసినట్టే ఉంది" అన్నాడు అవధాని.

మోసం పాక దాకా వచ్చేసిందని వారికి అర్థమైంది. ఇంకేముంది, పలుపుతో సహా ఫోనును విప్పి, "దీన్ని కూడా ఆ గేదె పక్కనే కట్టెయ్యి, రెండూ ఒక ముఠావే" అని నూకరాజుకు అప్పగించి వచ్చారు.

పాక ఖాళీ అయింది. మాణిక్యాంబ ఖాళీ చెంబు ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

"అసలు గౌరి ఎక్కడ తిరుగుతోందో. వస్తే మాత్రం ఎలా పోల్చుకుంటాం నాయనా?"

వీరభద్రం వివేకుల వంశంలోని వివేకాన్నంతా ఒక్కచోటికి కూడదీశాడు. "అచ్చం గౌరిలా ఉన్నది నకిలీ అని తేలింది. కాబట్టి ఏమాత్రం గౌరిలా లేనిదే గౌరి. అడక్కుండా వస్తే తప్పు గనక, మనమే పిలుద్దాం."

నలుగురూ వీధిలోకి వచ్చి, "గౌరీ, గౌరీ" అని పిలిచారు. సందు చివర దేవుడి పేర అచ్చోసి వదిలిన ఆంబోతు ఒకటి చెత్తకుప్ప మీంచి తలెత్తింది. ఈ అరుపులేమిటో చూద్దామని వచ్చింది.

"తెల్లగా ఉంది" అన్నాడు చిట్టెబ్బాయి.

"గౌరి నల్లన. మంచిదే" అన్నాడు వీరభద్రం.

"మూపురం ఉంది."

"మరీ మంచిది."

ఆంబోతు పాకలోకి దూరి, తవుడు బస్తా చింపి మొత్తం తినేసింది. ఊరికే రాలేదని దాంతో రూఢి అయింది. మాణిక్యాంబ చెయ్యి చాపితే నాకలేదు. వీరభద్రం వీపు నిమరబోతే ఒక్క తన్ను తన్నింది. అతడు పేడకుప్ప దాకా వెళ్లి పడ్డాడు.

"ఇదేరా అసలుది" అన్నాడు అక్కణ్ణించే, తృప్తిగా. "అమ్మా, చెంబు పట్టుకో."

మాణిక్యాంబ ఆంబోతు కింద పీట వేసుకుని కూర్చుంది. చాలాసేపు కూర్చుంది.

"ఇంకా చేపలేదు నాయనా."

"కంగారు పెట్టకమ్మా" అన్నాడు వీరభద్రం నడుం పట్టుకుని లేస్తూ. "పరాయి ఇంట ఉండి వచ్చింది. కాఫీకి నీళ్లు పడెయ్యమంటాను."