సుంకమ్మ మంచం దగ్గర నీళ్ళు

నెల తిరక్కముందే నలుగురు పోయారు. ముసలితనంతో పోయి ఉంటే హుసేన్‌పీరా ఇంత కుమిలిపోయేవాడు కాదు. ఆ నలుగురికీ ముందు పుండు చెడింది, తర్వాత జ్వరం వచ్చింది, ఆపైన నాలుగైదు రోజుల్లో ప్రాణం పోయింది. అదీ వరసగా, మంచం పక్క మంచం.

ఆదోనికి అవతల మూతపడిన పాత పత్తి మిల్లు షెడ్డులో జమాల్‌సాబు అనే ఫకీరు పదకొండు మంచాలు వేశాడు. దిక్కులేని ముసలివాళ్ళకు, లేవలేక పడి ఉన్నవాళ్ళకు అదే ఇల్లు. ఏ మతమని, ఏ కులమని అక్కడ ఎవరూ అడగరు. పీరా ఆయన శిష్యుడు. తొమ్మిదేళ్ళుగా ఆ షెడ్డులోనే ఉంటున్నాడు. పక్కలు మార్చడం, మలమూత్రాలు ఎత్తడం, పుండ్లు తుడిచి కట్లు కట్టడం అన్నీ అతనే చేస్తాడు.

మూడు నెలల కిందట అతనొక ఒట్టు పెట్టుకున్నాడు. మంచంలో ఉన్నవాళ్ళను ముట్టుకున్న తర్వాత, వాళ్ళ ఎదుట చేతులు కడుక్కోకూడదని.

దానికి కారణం సుంకమ్మ. ఆమె మంత్రసాని. నలభై ఏళ్ళు ఊళ్ళో గడప గడపకూ వెళ్ళి కాన్పులు చేసింది. నొప్పులు వచ్చినప్పుడు ‘సుంకమ్మా, నువ్వే దిక్కు’ అనేవాళ్ళు. బిడ్డ కేరుమనగానే ఆమె కూర్చున్న చోట నీళ్ళు చల్లేవాళ్ళు, ఆమె తాకిన తలుపు కూడా కడిగేవాళ్ళు. ఆమె కులం అలాంటిదనేవాళ్ళు. ఆ ఊరి బుద్ధి అలాంటిదని నేనంటాను.

ఆమె షెడ్డుకు వచ్చిన కొత్తలో ఒకరోజు పీరా ఆమె వీపు మీది పుండు తుడిచి, పక్కనే ఉన్న బకెట్లో చేతులు ముంచాడు. సుంకమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ రోజంతా మళ్ళీ ఇటు తిరగలేదు, గంజి కూడా ముట్టలేదు.

అంతే, పీరా కడుక్కోవడం మానేశాడు. ఆమె దగ్గర మానేసి మిగతావాళ్ళ దగ్గర కడుక్కుంటే అది ఇంకా అన్యాయమని అందరి దగ్గరా మానేశాడు. ఒకరి పుండు తుడిచిన చేతులు లుంగీకి రుద్దుకుని పక్క మంచానికి పోయేవాడు. వారానికోసారి వచ్చే నర్సు ప్రభావతి ఇచ్చిన సబ్బులు, గ్లౌజులు గూట్లో కాగితం విప్పకుండా పడి ఉన్నాయి.

“అవి అసహ్యమున్నోళ్ళకు గదా” అనేవాడు. అనేటప్పుడు గొంతులో కొంచెం గర్వం ఉండేది. ప్రేమలో పుట్టిన గర్వం. దాన్ని ఎవరైనా తప్పుపట్టబోతే మనమే అడ్డం పోతాం, అదే దాంతో వచ్చిన చిక్కు.

నాలుగో శవం వెళ్ళిన రోజు ప్రభావతి అతన్ని మంచాల మధ్య నిలబెట్టింది.

“నువ్వు ఏ వరసలో కట్లు కడతావు పీరా? ఈ తలుపు కాణ్ణించి గదా? పుండ్లు చెడింది కూడా ఈ తలుపు కాణ్ణించే. ఒకరి చీము ఇంకొకరికి మోస్తాండేది నీ చేతులే. ఎన్నిసార్లు చెప్పినా?”

పీరా మండిపడ్డాడు. నేరుగా గురువు దగ్గరికి వెళ్ళాడు. జమాల్‌సాబు ఎండలో దుప్పట్లు ఆరేస్తున్నాడు.

“బాబా, ఈ చేతులు ఎవర్నీ అసహ్యించుకోలేదు. అదే తప్పంటాంది ఆయమ్మ. నేను కడుక్కుంటే ఆ అవ్వ మళ్ళా గోడదిక్కు తిరుగుతాది. అప్పుడెట్ల?”

“సుంకమ్మకు ఎట్లుంది?” అని అడిగాడు గురువు.

“పుండు వాసనొస్తాంది బాబా. పొద్దున్నుంచి జ్వరం.”

జమాల్‌సాబు చేతిలోని దుప్పటి తీగ మీద వదిలేశాడు. లోపలికి వెళ్ళి గూట్లోని సబ్బు తీసి కాగితం విప్పాడు. బిందె, చెంబు, ఒక బేసిను పీరా చేత మోయించుకుని సుంకమ్మ మంచం దగ్గరికి నడిచాడు. సరిగ్గా ఆమె కళ్ళెదుట పీట వేసుకుని కూర్చున్నాడు.

“వద్దు బాబా, సూస్తాంది” అని గొణిగాడు పీరా.

ఆయన వినిపించుకోలేదు. చొక్కా చేతులు పైకి మడిచి సబ్బుతో గోళ్ళు, వేళ్ళ సందులు, మణికట్లు తాపీగా రుద్దుకున్నాడు. నోరు పుక్కిలించాడు. ముక్కు, మొహం కడుక్కున్నాడు. మోచేతుల దాకా నీళ్ళు పోసుకుని, తడిచేత్తో తల తుడుచుకుని, కాళ్ళు కడుక్కున్నాడు. నమాజుకు నిలబడే ముందు మసీదులో చేసే వుజూలో ఏదీ వదల్లేదు. చివర మళ్ళీ ఒకసారి చేతులకు సబ్బు పెట్టి కడిగాడు.

అప్పుడు లేచి వెళ్ళి సుంకమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

“పీరా, నమాజుకు ముందు కడుక్కుంటావా, అయినాకనా?”

“ముందే బాబా” అన్నాడు పీరా.

సుంకమ్మ గోడవైపు తిరగలేదు. ఆ పట్టుకున్న చేతినే చూస్తూ ఏడుస్తోంది.

“కాన్పుకు పోతే నేనూ ఇట్లే కడుక్కుంటాంటి సామీ. మోచేతుల దాకా, వేణ్ణీళ్ళతో. పుట్టే బిడ్డ కోసరం.”

పీరా మంచం పక్కన కూలబడ్డాడు. “నీకు తెలుసా అవ్వా? తెలిసీ నాకెందుకు చెప్పలా?”

సుంకమ్మ అతని వైపు తల తిప్పింది.

“ఎట్ల చెప్పేది నాయనా? నన్ను ముట్టి, కడుక్కోకుండా పోయినోడివి నా బతుకులో నువ్వొక్కడివే. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలా.”

ఆ పూట నుంచి పీరా ప్రతి మంచం దగ్గరా ముందు చేతులు కడుక్కున్నాడు, మంచానికో జత గ్లౌజులు మార్చాడు. ప్రభావతి సుంకమ్మను పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళింది. రక్తమంతా విషం పాకిందన్నారు అక్కడ. ఐదో రోజు పొద్దున సుంకమ్మ పోయింది.

ఆమెను మట్టిలో పెట్టి వచ్చాక పీరా షెడ్డు బయట నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుండిపోయాడు. లోపలి నుంచి ఎవరో దాహమని పిలుస్తున్నారు. అతను లేవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తున్నాడు. తొమ్మిదేళ్ళలో ఎందరి కళ్ళు తుడిచిన చేతులో అవి. ఇప్పుడు వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

జమాల్‌సాబు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఐదు మందిని చంపినా బాబా. ప్రేమతోనే చంపినా. వాళ్ళకు నేనేం జవాబు చెప్పల్ల?”

దేవుడు క్షమిస్తాడనో, నీ మనసు మంచిదనో గురువు ఒక్క మాటైనా అంటాడని పీరా ఎదురుచూశాడు. ముసలాయన కళ్ళు కూడా ఎర్రబడి ఉన్నాయి. వంగి తొట్టిలో చెంబు ముంచాడు.

“జవాబు లేదు నాయనా. నా కాడా లేదు” అన్నాడు. “లోపల ఇంకా ఆరు మంచాలుండాయి. చేతులు పట్టు.”