ఎర్ర గచ్చు మీద మందపాటి బ్లేడు

"నిజం చెప్పడం కూడా తప్పేనా గురువుగారూ?" అని సూర్యచంద్రరావు అడిగిన రోజు సోమలింగాచారి గారు జవాబు చెప్పలేదు. ఆయన అలవాటే అంత. వడ్రంగం చేసి చేసి, చేతులు వణకడం మొదలయ్యాక మానేసి, మండపేట దగ్గర మా చిన్న మందిరంలో తత్త్వాలు చెప్పుకుంటూ ఉండిపోయిన మనిషి. ప్రశ్న అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగిస్తారు. ఆ రోజు కూడా, రేపు హాల్లో నేల మీది షీటు తీయడానికి మిషను వస్తుంది, దగ్గరుండి చూసుకో అని చెప్పి లేచి వెళ్లిపోయారు.

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో చెప్పాలి. మంగతాయారు గారని, భర్త పోయి మూడు నెలలైన ఆవిడ, ఎవరో బలవంతం చేస్తే మందిరానికి రావడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేది కాదట. ఇక్కడ మాత్రం అందరి గొంతుల్లో గొంతు కలిపి సన్నగా తత్త్వం పాడేది. ఆవిడ నోరు తెరిచే చోటు అదొక్కటే. ఒక గురువారం తాళం తప్పింది. పాట నడిపించే సూర్యచంద్రరావు మధ్యలో ఆపించి, అందరి ముందూ, "ఇది తత్త్వమమ్మా, శవం దగ్గర శోకం కాదు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆవిడ పుస్తకం మూసేసి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. గది తలుపు తీయడం లేదని, అన్నం పళ్లెం గుమ్మం దగ్గరే ఉండిపోతోందని తోడికోడలు వచ్చి ఏడ్చి వెళ్లింది. సూర్యచంద్రరావు మాత్రం దిగిరాలేదు. తాళం తప్పిన మాట నిజమే కదా అన్నాడు. చిన్నా పెద్దా ఎవరికైనా తన దగ్గర ఒకటే మాటన్నాడు. ఆ మాత్రం దానికే కుంగిపోతే, ఆవిడ మనసే మరీ మెత్తనిదన్నాడు.

ఇక నేల సంగతి. మా హాలుది ఎర్ర గచ్చు. నలభై ఏళ్ల కింద మందిరానికొచ్చే ఆడవాళ్లే సిమెంటులో ఎర్ర రంగు కలిపించి పోయించి, ఏటి గులకరాళ్లతో నెల రోజులు రుద్ది రుద్ది నున్న చేశారు. వాళ్లలో ఇప్పుడు మిగిలింది బంగారమ్మ గారొక్కరే. మధ్యలో ఒక భక్తుడికి పుణ్యం ముంచుకొచ్చి, దాని మీద పూల ప్లాస్టిక్ షీటు జిగురుతో అంటించాడు. కింద నీరు చేరి అది ముక్క వాసన కొడుతోంది. అది తీసేస్తే తమ గచ్చు మళ్లీ చూసుకోవచ్చని బంగారమ్మ గారు పొద్దున్నే వచ్చి, అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది.

కాకినాడ నుంచి రాంపండు అనేవాడు మిషను తెచ్చాడు. దాని ముందు ఒక బ్లేడు బిగిస్తారు. అది అదురుతూ, నేలకి అంటుకున్నదాన్ని పెకలించుకుంటూ పోతుంది. తీయాల్సింది ఏమిటో చూసి బ్లేడు మార్చాలి. షీటుకైతే పల్చటి వెడల్పు బ్లేడు, టైల్సుకైతే ఉలిలాంటి మందపాటిది. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. రాంపండుకి ముందే తెలుసు. తెలిసీ, ఒక మూల షీటు లేపి కింద ఏముందో చూసిన పాపాన పోలేదు. మిషను ఎలా దించాడో అలాగే నడిపించాడు.

షీటు లేచింది, దానితో గచ్చూ లేచింది. ఆ మోతలో మా అరుపులు వాడికి వినబడలేదు. ఆపేసరికి గుమ్మం నుంచి నడిమి స్తంభం దాకా వేలు దూరేంత గాట్లు పడ్డాయి. బంగారమ్మ గారు కుర్చీ దిగి వచ్చి, కింద కూర్చుని, ఒక గాటులో వేలు పెట్టి చివరిదాకా తడుముకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. నాకంటే ముందే సూర్యచంద్రరావు వాడి మీద విరుచుకుపడ్డాడు.

"నాకు ఏ నేలైనా ఒకటేనండి," అన్నాడు రాంపండు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "మిషను బాగానే ఉందండి. మీ గచ్చే మెత్తదండి."

ఆడలేక మద్దెల ఓడనడం విన్నాను గాని, ఇంత తాపీగా అనడం వినలేదు.

ఆ గొడవకి గురువుగారు వచ్చారు. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది. వాడి పనిముట్ల పెట్టె తెరిపించారు. పల్చటి బ్లేడు నూనె కాగితంలో చుట్టినది చుట్టినట్టే ఉంది. ఇది ఎందుకు బిగించలేదని అడిగారు. నిన్న ఒక కళ్యాణమండపంలో టైల్సు తీశానని, ఆ బ్లేడే ఉండిపోయిందని, మార్చాలంటే నాలుగు బోల్టులు విప్పాలని వాడు నసిగాడు.

"నాలుగు బోల్టులు," అన్నారు గురువుగారు. "గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చి, నేల మెత్తదంటావా? ఊరంతా తొక్కినా చెక్కుచెదరని నేలరా ఇది."

వాడి చేత అక్కడే ఆ బోల్టులు విప్పించారు. పల్చటి బ్లేడు బిగించి, దాన్ని దాదాపు నేలకి ఆనించి, నెమ్మదిగా తోయమన్నారు. మిగిలిన షీటు అరటితొక్కలా ఒలుచుకుని వచ్చేసింది. కింద గచ్చు ఎర్రగా, చెక్కుచెదరకుండా ఉంది. కిటికీ నీడ అందులో కనబడింది. అది చూశాక సూర్యచంద్రరావుకి కోపం రెట్టింపయింది.

"ఇక్కడ గట్టిగా ఉన్న గచ్చు అక్కడ మెత్తబడిపోయిందా? ఒకటే నేల కదయ్యా. తప్పు నేల మీదకి నెట్టే ముందు, నువ్వు ఏం బిగించుకొచ్చావో..."

అక్కడ ఆగిపోయాడు. నేను తల దించుకున్నాను. అతను వెళ్లి బంగారమ్మ గారి పక్కన కింద కూర్చుని, ఈ గాట్లు పూడతాయా అని అడిగాడు. అదే రంగు కలిపి పూడ్చి, చేత్తో రుద్దాలంది ఆవిడ. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేనంది.

"మచ్చ మాత్రం ఉంటుంది బాబూ. అయినా రుద్దాల్సిందే."

సూర్యచంద్రరావు లేచి, మంగతాయారు గారి ఇంటికి వెళ్లొస్తానని గురువుగారితో చెప్పాడు. ఆ రోజు నవ్వినవాణ్ణి గనక నేనూ లేచాను. రాంపండు పెట్టె ఇంకా మా కాళ్ల దగ్గర తెరిచే ఉంది. గురువుగారి కోపం ఏమీ చల్లారలేదు. మా ఇద్దరినీ ఎగాదిగా చూశారు.

"వెళ్లండి," అన్నారు. "ముందు ఎవరి పెట్టె వాళ్లు తెరిచి చూసుకుని మరీ వెళ్లండి."